మిర్చి గోడౌనులో కోడింగ్ క్లబ్బు

ఈమధ్య ఇద్దరు ఇంజనీరింగ్ పిల్లలు మా ఇంటికి వచ్చారు. వాళ్ళ ఊళ్ళో చిన్నపిల్లలకి కోడింగ్ క్లబ్బు పెడతారట. "మీరు ఆరేళ్ళు నడిపారు కదా సార్, ముందుగా ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?" అని అడిగారు. "మిరపకాయలకి దూరంగా ఉండండి" అన్నాను. మర్యాదస్తులు. నవ్వకుండా పుస్తకంలో రాసుకున్నారు. అలా రాసుకుని వెళ్ళినవాళ్ళకి అన్యాయం జరగకూడదని, అసలు సంగతి ఇక్కడ పూర్తిగా చెబుతున్నాను.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మొదటి నెలలో ఇంట్లో పాడైనవన్నీ బాగుచేశాను. రెండో నెలలో, బాగున్నవాటిని కూడా బాగుచేస్తున్నానని మా ఆవిడ కనిపెట్టింది. మూడో నెలలో నన్ను సంఘసేవకి పంపించింది. పల్లెటూళ్ళలో పిల్లలకి ఉచితంగా కోడింగ్ నేర్పే ఒక స్వచ్ఛంద సంస్థ ఉంటే, అందులో చేరాను. జీతం లేదు గానీ హోదా ఘనంగా ఉండేది: సమన్వయకర్త. కోడింగ్ గురించి నాకు అప్పటికి తెలిసిందల్లా ఆ మాటకి స్పెల్లింగు. అయినా సమన్వయానికి అది అడ్డు రాలేదు.

నా చేతికి వచ్చిన క్లబ్బుల్లో ఒకటి అద్దంకి అవతల ఒక ఊళ్ళో ఉండేది. దాన్ని నిజంగా నడిపేది ఆ ఊరి పాస్టరు గారి అమ్మాయి. డిగ్రీ ఆఖరి సంవత్సరం. పిల్లలందరికీ అక్క. ప్రార్థన మందిరం పక్కన రేకుల గదిలో, ఆదివారం ఆరాధన అయ్యాక, పాతికమంది పిల్లల్ని కూర్చోబెట్టుకుని నేర్పేది. ఏదో కంపెనీ వాళ్ళు వాడి పక్కన పెట్టిన పన్నెండు లాప్‌టాప్‌లు సంస్థ వాళ్ళు ఇచ్చారు. ఊరి పిల్లలకి అందుబాటులో ఉన్న కంప్యూటర్లు అవే.

ఒక్కోదాని అడుగున, స్క్రూ మీద, వెండి రంగు సీలు అంటించి ఉండేది. ఒప్పంద పత్రంలో మొదటి షరతు: సంస్థ అనుమతి లేకుండా సీలు తీయరాదు. అది చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. ఉద్యోగంలో ఉండగా సీలంటే నాకు భక్తి. పై అధికారి సంతకం లేకుండా సీలు ముట్టుకున్న ఇద్దరి మీద రిపోర్టు రాసిన వాణ్ణి. ఆ ఒక్క షరతు చదివి, మిగతావి చదవకుండానే ఆనందంగా సంతకం పెట్టేశాను.

నా తప్పు డిసెంబరులో మొదలైంది. రేకుల గదికి గొళ్ళెం సరిగ్గా లేదు. యంత్రాలు ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని నాకు బెంగ. ఊళ్ళో మిర్చి వ్యాపారం చేసే సాయిబు గారు పెద్దమనసుతో, తన గోడౌను ముందుగది వాడుకోమన్నారు. శ్లాబు గది, ఇనప షట్టరు, ఇన్వర్టరు. అద్దె ఊసే లేదు. నేను మురిసిపోయాను. అమ్మాయి మురవలేదు.

"అక్కడ మిర్చి ఘాటు ఉంటుంది కదండీ సార్."

"మధ్యలో గోడ ఉందమ్మా."

"గోడకి తలుపుంది కదండీ."

"తలుపు వేసే ఉంటుందమ్మా."

ఆ అమ్మాయి తలూపింది. నేను ఒప్పుకుందనుకున్నాను. తర్వాత తెలిసింది, గుర్తుపెట్టుకుంటోందని.

ఇక్కడ నా తెలివి గురించి ఒక మాట చెప్పాలి. ఎక్స్ఛేంజిలో దుమ్ము మాకు బద్ధశత్రువు. కలెక్టరు వచ్చినా చెప్పులు బయట విడిచి రావలసిందే. ఆ అలవాటు కొద్దీ గోడౌను గుమ్మం మీద నా చేత్తో బోర్డు రాసి పెట్టాను: "చెప్పులు బయట విడువవలెను". పిల్లలు బుద్ధిగా చెప్పులు విడిచి, కాళ్ళు దులుపుకుని, వందలాది మిర్చి టిక్కీల పక్కన వచ్చి కూర్చునేవాళ్ళు. టిక్కీ అంటే కాయలు తొక్కి కుట్టిన గోనె బస్తా. బోర్డు రాసినవాడికి గానీ, చదివినవాళ్ళకి గానీ ఏ అనుమానమూ రాలేదు.

సంక్రాంతి దాటి కోతలు జోరందుకున్నాయి. గోడకి అవతల ఇరవైమంది ఆడవాళ్ళు కూర్చుని కాయలకి తొడిమలు తీసేవాళ్ళు. మంచినీళ్ళ కుండ మా గదిలో ఉండేది. కాబట్టి నేను హామీ ఇచ్చిన తలుపు, రోజులో ఒక్క నిమిషం కూడా మూసి ఉండేది కాదు.

క్లబ్బు మాత్రం బ్రహ్మాండంగా నడిచేది. తొడిమలు తీసే ఒకావిడ కూతురు ఎనిమిదో తరగతి చదువుతుండేది. ఆ పిల్ల తామరపురుగుల ఆట ఒకటి తయారుచేసింది. మిరప చేను మీద పురుగులు వస్తాయి, మందు కొట్టి చంపాలి. ఎక్కడో లెక్క తప్పి, ఒక పురుగు చస్తే రెండు పుడుతున్నాయి. తప్పు వెతుకుతూ ఏడుపు మొహం పెట్టుకుని కూర్చుంటే, కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చిన నాన్న కాసేపు ఆడి చూశాడు. "తప్పేముందే ఇందులో? సరిగ్గా ఇట్టాగే ఉంటది!" అన్నాడు. ఆయన మూడెకరాలు కౌలుకి చేస్తున్నాడు.

ఫిబ్రవరిలో యంత్రాలు ఆగిపోవడం మొదలుపెట్టాయి. పిల్లలు మంచి ఊపులో ఉండగా టక్కున తెర నల్లబడేది. పావుగంటకొకటి, ఇరవై నిమిషాలకొకటి. నేను అనుభవజ్ఞుణ్ణి కాబట్టి వెంటనే రోగం కనిపెట్టాను. కరెంటు. మా ఇంటి ఫ్రిజ్జు స్టెబిలైజరు పట్టుకొచ్చి తగిలించాను. యంత్రాలు ఆగిపోతూనే ఉన్నాయి, ఇంట్లో పాలు కూడా విరగడం మొదలైంది. తర్వాత వైరస్ అన్నాను. అమ్మాయి ఓపిగ్గా అన్నిటినీ శుభ్రం చేసింది. ఆగిపోతూనే ఉన్నాయి. ఆ తర్వాత, పాత సరుకు కదా, వయసు అయిపోయిందన్నాను. ఆ మాట అన్నప్పుడు పిల్లలు నావైపు అదోలా చూశారు.

ఇంతలో సంస్థ నుంచి ఉత్తరం. మీ క్లబ్బులో యంత్రాలు సరిగ్గా వాడుకలో లేవు, వచ్చే ఆదివారం మూడింటికి వచ్చి చూస్తాం, గంటసేపు ఆగకుండా నడవకపోతే పన్నెండూ వేరే ఊరి క్లబ్బుకి తరలిస్తాం అని. నేను ఉత్తరం చదివి వినిపించాను. పాతికమంది పిల్లలు ఒక్కసారిగా నోరు మూసుకున్నారు. ఆ క్లబ్బు చరిత్రలో అది మొదటిసారి.

తామరపురుగుల పిల్ల మాత్రం నోట్సు తీసింది. వారమంతా బడి అవగానే వచ్చి, ఏ యంత్రం ఎన్ని నిమిషాలకి ఆగిందో రాసింది. శనివారం సాయంత్రం నా ముందుకొచ్చి నిలబడింది.

"సార్, మూడో నంబరూ ఎనిమిదో నంబరూ ఒక్కసారి కూడా ఆగలేదండి."

"వాటి అదృష్టం బాగుందమ్మా."

"కాదండి. ఆ రెండూ అక్క రోజూ ఇంటికి పట్టుకెళ్తదండి, పాఠం తయారు చేసుకోడానికి. మిగతా పదీ ఇక్కడే ఉంటాయండి."

నాకు ఇంకా అర్థం కాలేదు. ఆ పిల్ల ఒక లాప్‌టాప్‌ని ఎత్తి, పక్కన గాలి వచ్చే సందుని నా ముక్కు దగ్గర పెట్టింది. "వాసన చూడండి సార్."

చూశాను. ఆ తర్వాత రెండు నిమిషాలు నేను సంభాషణలో పాల్గొనలేదు. తుమ్ము మీద తుమ్ము. కళ్ళనీళ్ళు. తుడుచుకుని చూసేసరికి పిల్లలందరూ గంతులేస్తున్నారు. దొరికింది! దొరికింది! లోపలి ఫ్యాను రెండు నెలలుగా మిర్చి దుమ్ము పీల్చి పీల్చి మూసుకుపోయింది. గాలి ఆడక వేడెక్కి ఆగిపోతోంది. ముప్ఫై మూడేళ్ళ అనుభవం స్టెబిలైజరు దగ్గర ఆగిపోతే, ముప్ఫై పేజీల నోట్సు మిర్చి దాకా వెళ్ళింది. నిజం చెప్పొద్దూ, నాకు సిగ్గు కంటే సంబరం ఎక్కువైంది. ఉద్యోగంలో మొదటిసారి ఒక లైనులో లోపం సొంతంగా పట్టుకున్న రోజున కూడా గుండె అలా కొట్టుకోలేదు.

"తలుపు వేసే ఉంటుందన్నారు కదండీ సార్" అంది అమ్మాయి, నావైపు చూడకుండా. గుర్తుపెట్టుకుందని చెప్పాను కదా.

అయితే దుమ్ము తీయాలంటే మూత విప్పాలి. మూత విప్పాలంటే సీలు తీయాలి. వెంటనే సంస్థకి ఫోన్ చేశాను. శనివారం సాయంత్రం, ఎవరూ ఎత్తలేదు. మర్నాడు పొద్దున మళ్ళీ చేశాను. ఆదివారం పొద్దున కూడా ఎత్తలేదు. ఆరాధన అయిపోయింది. గోడౌను నుంచి మోసుకొచ్చిన పది యంత్రాలూ రేకుల గదిలో బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాయి. పిల్లలు చుట్టూ నిలబడి నా మొహం చూస్తున్నారు. విప్పకపోతే మధ్యాహ్నం అన్నీ ఆగిపోతాయి, వేరే ఊరికి పోతాయి. విప్పితే షరతు తప్పినట్టు, అప్పుడూ పోతాయి. నేను కుర్చీలో కూర్చుని ఆలోచిస్తున్నట్టు కనిపించాను. నిజానికి భయపడుతున్నాను.

"సార్, ఎట్టాగూ పోయేటప్పుడు, బాగుచేసి పంపిద్దామండి. అక్కడి పిల్లలకైనా ఆగకుండా ఉంటాయి" అంది ఎనిమిదో తరగతి పిల్ల.

లేచి మొదటి సీలు నేనే పీకాను. స్క్రూ తిప్పబోయి దాని తల అరగదీశాను. అమ్మాయి నా చేతిలోంచి స్క్రూడ్రైవరు సున్నితంగా తీసుకుని, "మీరు కూర్చోండి సార్" అంది. ఆ తర్వాత పని వేగంగా సాగింది. పది ఇళ్ళ నుంచి పది స్టీలు పళ్ళేలు వచ్చాయి. ఏ యంత్రం స్క్రూలు ఆ పళ్ళెంలో. పళ్ళేనికి ఒకరు కాపలా.

మూతలు తీస్తే లోపల ఫ్యాను రెక్కల చుట్టూ ఎర్రటి దూది పేరుకుని ఉంది. చిన్న బ్రష్షుకి లొంగలేదు. గట్టిగా గాలి కొట్టాలి. ఊళ్ళో గట్టిగా గాలి కొట్టేది ఒక్కటే: బస్టాపు పక్కన పంక్చరు షాపు.

షాపాయన మమ్మల్ని చూసి నోరు తెరిచాడు. పది లాప్‌టాప్‌లు, పది పళ్ళేలు, పాతికమంది పిల్లలు, ఒక రిటైర్డు ఉద్యోగి.

"ఇది లారీ టైర్లకి కొట్టే గాలి మాస్టారూ! మీ డబ్బా అద్దంకి దాకా ఎగిరిపోద్ది!"

"తగ్గించి కొట్టండి అంకుల్" అంది అమ్మాయి. "దూరం నుంచి కొట్టండి. రెక్కలు గిర్రున తిరగకుండా నేను అగ్గిపుల్ల అడ్డం పెడతాను." ఫోనులో చూసి నేర్చుకుందట. నేను ఆ సమయంలో సమన్వయం చేస్తున్నాను.

ఆయన గాలి వదిలాడు. ఎర్రటి మబ్బొకటి లేచింది. మేం ముక్కులకి తువ్వాళ్ళు కట్టుకున్నాం గానీ, బస్టాపులో ఉన్నవాళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. సరిగ్గా అప్పుడే చిలకలూరిపేట బస్సు వచ్చి ఆగింది. ముందు డ్రైవరు తుమ్మాడు. తర్వాత ముందు సీట్లు. ఆ తుమ్ములు వరసగా వెనక సీట్ల దాకా వెళ్ళి, కండక్టరు దగ్గర ముగిశాయి.

"ఏంట్రా బాబూ ఇది? ఏం కాలుస్తున్నారు?" అని కండక్టరు దిగి వచ్చాడు.

"కంప్యూటర్లండీ, జలుబు చేసింది!" అన్నారు పిల్లలు.

ఆయన ఇంకేదో అనబోయి, తుమ్మి, బస్సెక్కి రైట్ రైట్ అన్నాడు. దిగాల్సినవాళ్ళు ఇద్దరు తర్వాతి ఊళ్ళో దిగి నడిచి వచ్చారని విన్నాను.

గోడౌనులో మధ్యాహ్నం అన్నానికి లేచిన ఆడవాళ్ళు గోల విని వచ్చారు. నోట్సు పిల్ల వాళ్ళమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కాసేపు చూసింది.

"ఏంటండీ సారూ, రెండు నెలలకే వీటికి ఊపిరాడలేదంటనా?"

"అవునమ్మా."

"పదిహేనేళ్ళుగా ఆ దుమ్ములోనే కూర్చుంటన్నాం. మమ్మల్ని ఎవరూ ఇట్టా విప్పి ఊదలా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాననే అనుకుంటాను. ఆ మాట తర్వాత చాలా రోజులు నాతో ఉంది. సాయిబు గారికి చెబితే, ఆయన గోడౌను వెనక గోడకి రెండు పెద్ద ఎగ్జాస్టు ఫ్యాన్లు పెట్టించారు. దాని గొప్పతనం నాకు ఇవ్వకండి. ముక్కుకి అడ్డం కట్టిన కొంగులు రెండు నెలలు నా కళ్ళ ముందే ఉన్నాయి. నేను చెప్పుల గురించి బోర్డు రాశాను.

సరే, ఆరో యంత్రం దగ్గర ఉండగా తెల్ల కారు వచ్చి ఆగింది. సంస్థ వాళ్ళు. మూడింటికి రావలసినవాళ్ళు ఒంటిగంటన్నరకే వచ్చారు. కారులోంచి ఒక మేడమ్ గారు దిగారు. వెంట, రిజిస్టరు పట్టుకున్న ఒక యువకుడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, నడిరోడ్డు పక్కన పొట్టలు విప్పి పడుకున్న సంస్థ ఆస్తిని చూశారు. ఏదో అనడానికి నోరు తెరిచి, తుమ్మారు.

"సీళ్ళు ఎవరు తీశారు?" అన్నాడు యువకుడు.

"నేనండీ" అన్నాను. గంభీరంగానే అన్నాను.

"సార్ ఒక్కటే తీశారండి" అంది ఎనిమిదో తరగతి పిల్ల. "మిగతా తొమ్మిదీ మేం తీశామండి. సార్ తీసినదానికి స్క్రూ తల పోయింది."

మేడమ్ గారు ఆ పిల్ల చేతిలో నోట్సు అందుకుని, రోడ్డు పక్కనే నిలబడి మొదటి పేజీ నుంచి చదివారు. నిమిషాలు, తేదీలు, గీతలు. ఆఖరి పేజీలో పెద్ద అక్షరాలతో "మిరపకాయలు!!" అని ఉంది. ఆవిడ నోట్సు తిరిగి ఇచ్చి, "ముందు బిగించండి. మూడింటికి చూద్దాం" అన్నారు.

పిల్లలు బిగించిన తీరు మీరు చూడాలి! పళ్ళెం వెనక పళ్ళెం ఖాళీ అవుతోంది. ఒక్క స్క్రూ మిగల్లేదు. నేను ఎక్స్ఛేంజిలో ఏ యంత్రం విప్పి బిగించినా కనీసం ఒకటి మిగిలేది.

మూడింటికి రేకుల గదిలో పన్నెండూ వెలిగాయి. గోడ గడియారం కింద యువకుడు నిలబడ్డాడు. పావుగంట. ఒక్కటీ ఆగలేదు. అరగంట. తామరపురుగులు పుడుతున్నాయి, చస్తున్నాయి, ఇప్పుడు సరిగ్గా లెక్క ప్రకారం చస్తున్నాయి. ఏడో నంబరు నుంచి గర్రుమని చప్పుడు వచ్చింది. చప్పుడు దానంతటదే సర్దుకుంది. ముప్పావుగంటకి పిల్లలు ఆటలు ఆడటం మానేసి గడియారాన్నే చూస్తున్నారు. గంట కొట్టేసరికి రేకులు ఎగిరిపోయేంత కేక. పాస్టరు గారు ఏమైందోనని పరిగెత్తుకొచ్చారు.

యువకుడు మాత్రం కేక వేయలేదు. నాకు అతన్ని చూస్తే నా పాత రోజులే గుర్తొచ్చాయి. "నడిచాయి, బాగుంది మేడమ్. కానీ సీళ్ళు తీశారు కదా. షరతు తప్పారు. వెనక్కి తీసుకోవాలి."

కేక ఎంత గట్టిగా లేచిందో అంత వేగంగా చల్లారింది. నోట్సు పిల్ల లాప్‌టాప్ మూత మీద చెయ్యి వేసి అలాగే ఉంది.

"షరతులు పూర్తిగా చదువు" అన్నారు మేడమ్ గారు.

అతను ఒప్పంద పత్రం తీసి చదవడం మొదలుపెట్టాడు. నేనూ మొదటిసారి వింటున్నాను. అయిదో షరతు దగ్గర అతని గొంతు నెమ్మదించింది. "సీలు తొలగించిన యంత్రాలను ఇతర కేంద్రాలకు తరలించుటకు అనర్హమైనవిగా పరిగణించి, అదే కేంద్రం బాధ్యతలో ఉంచవలెను."

"ఉంచవలెను" అన్నారు మేడమ్ గారు. "రాయి మరి."

అతను రిజిస్టరు తెరిచి రాశాడు: పది యంత్రములు, తరలింపునకు అనర్హం. పిల్లలకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అమ్మాయి వాళ్ళకి చెవిలో చెప్పింది. తమ కంప్యూటర్లని అనర్హం అన్నందుకు అంతగా చప్పట్లు కొట్టిన పిల్లల్ని నేను మళ్ళీ చూడలేదు.

"ఈ మూడూ ఎనిమిదీ మాత్రం సీళ్ళతోనే ఉన్నాయి మేడమ్" అన్నాడు యువకుడు. "ఈ రెండూ తీసుకెళ్ళొచ్చు."

చప్పట్లు ఆగిపోయాయి. రెండు అంటే తక్కువేం కాదు. అమ్మాయి పాఠాలు తయారుచేసుకునేది ఆ రెండింటి మీదే.

మేడమ్ గారు నావైపు తిరిగారు. "వీటి లోపల దుమ్ము ఉందో లేదో చూశారా?"

"ఇంకా లేదండీ."

"చూసుకోవాలి కదండీ మరి, సమన్వయకర్త గారూ" అని, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూడసాగారు. కిటికీ బయట గోడ తప్ప ఏమీ లేదు. ఆవిడ ఆ గోడనే చాలాసేపు, ఎంతో ఆసక్తిగా చూశారు.

నేను మూడో నంబరుని బోర్లా తిప్పాను. వెండి సీలు చిన్న చప్పుడుతో చిరిగింది. ఎనిమిదో నంబరు సీలు ఒక్క ముక్కగా, శుభ్రంగా ఊడివచ్చింది. లోపల దుమ్ము ఉందో లేదో నేను ఇప్పటికీ చూడలేదు. రిజిస్టరు అబ్బాయి "పది" కొట్టేసి, నిట్టూర్చి, "పన్నెండు" అని రాశాడు.

ఉద్యోగంలో ఉండగా అయితే ఆ సీళ్ళు పీకిన మనిషి మీద రెండు పేజీల రిపోర్టు రాసేవాణ్ణి.